అత్తగారి కూలరు, అల్లుడి సర్వీసింగు

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. సికింద్రాబాదులో మాత్రం అది ఊరికే పోదు. వెళ్తూ వెళ్తూ ఇంటికొక మగాణ్ణి రెచ్చగొట్టి మరీ పోతుంది. ఆ మగాడు ఒక ఆదివారం పొద్దున్నే లుంగీ ఎగ్గట్టి, స్క్రూడ్రైవర్ పట్టుకుని, బాల్కనీ మూలనున్న కూలరు మీద గుడ్డ లాగేసి, ఈసారి మెకానిక్కు ఎందుకు, నేనే చేసేస్తానంటాడు. మధ్యాహ్నానికి కూలరు ముక్కలవుతుంది. సాయంత్రానికి మెకానిక్కు వస్తాడు. మా వీధిలో ఇది ఏటా జరిగే తంతే. నేను ఇన్నేళ్ళూ దీన్ని పక్క బాల్కనీలోంచి కాఫీ తాగుతూ చూసి ఆనందించేవాణ్ణి. కిందటి ఎండాకాలం నా వంతు వచ్చింది.

నేను కాకినాడ నుంచి వచ్చినవాణ్ణి. మా ఊళ్ళో కూలర్లు ఉండవు. అక్కడ గాలిలోనే సగం సముద్రం ఉంటుంది, దానికి మళ్ళీ నీళ్ళు కలపాలన్న ఆలోచన ఎవరికీ రాదు. మాకు తెలిసినవి ఫ్యానూ, చెమటా. ఆ తర్వాతెప్పుడో ఏసీ వచ్చింది. ఏసీ వచ్చిన రోజు నుంచి మా నాన్న ఇంటికి కాపలావాడైపోయాడు. ఎవరు గది తలుపు తీసినా, "తలుపెయ్యండ్రా, చల్లదనమంతా వీధిలోకి పోతోంది" అని కేక. చుట్టాలొచ్చినా అదే కేక, పూజారిగారొచ్చినా అదే కేక. ఆ కేక నా ఒంట్లో ఇంకిపోయింది. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, దీనితో పనుంది.

ఉద్యోగరీత్యా నేను బీమా సర్వేయర్ని. కాలిపోయిన గోదాములూ, గుద్దుకున్న కార్లూ చూసి, యజమాని చెప్పినదానికీ నిజంగా జరిగినదానికీ మధ్య ఎంత దూరముందో రాసి పంపడం నా పని. సూటిగా చెప్పాలంటే, జనం చెప్పేది నమ్మనందుకు నాకు డబ్బులిస్తారు. ఇంట్లో మాత్రం ఈ సేవ ఉచితంగా చేస్తానని మా ఆవిడ ఫిర్యాదు.

ఇక అత్తగారు. అల్లుళ్ళు ఇల్లరికం పోవడం అందరూ విన్నదే. మా ఇంటికి అత్తగారే ఇల్లరికం వచ్చారు. మామగారు పోయాక, మోండా మార్కెట్ వెనక వాళ్ళు చిరకాలం కాపురమున్న అద్దె పోర్షన్ ఖాళీ చేసి, తిరుమలగిరిలో మా ఇంటికి చేరారు. వెంట ఒక ట్రంకు పెట్టె, ఒక రోలు, ఒక ఇనప కూలరు వచ్చాయి. ట్రంకు మంచం కిందికి, రోలు వంటింట్లోకి వెళ్ళాయి. కూలరు మాత్రం ఏ తలుపులోంచీ పట్టక, తాళ్ళు కట్టి పైకి లాగించుకుని, ఆవిడ గది బాల్కనీలో కొలువు తీరింది. బీరువా అంత ఉంటుంది. మామగారు ఎప్పుడో రేకుల పనివాడి పక్కన రోజంతా నిలబడి చేయించుకున్నదట. పాత దుప్పటితో కుట్టిన తొడుగు కూడా ఉంది దానికి. ఆ ఇంట్లో నాకు పెళ్ళిలో పెట్టిన బట్టల మీద కూడా ఇంత శ్రద్ధ చూపించలేదు.

ఆవిడకి ఒక కొడుకు, యాప్రాల్‌లో ఉంటాడు. కొత్త అపార్టుమెంటులో బాగా పై అంతస్తు, గదికో ఏసీ. మా బావమరిది మంచివాడు, అందులో నాకే అనుమానమూ లేదు, నా వృత్తిలో ఇంతకన్న పెద్ద సర్టిఫికెట్ లేదు. అమ్మని పంపమని రోజూ ఫోన్ చేసేవాడు. అత్తగారు మాత్రం కూతురితో ఒక ఒప్పందానికి వచ్చారు. ఈ ఎండాకాలం ఇక్కడ ఉండి చూస్తారు. ఉండగలిగితే ఇక ఇక్కడే ఉండిపోతారు. లేకపోతే యాప్రాల్. అల్లుడి ఇంట్లో పడి ఉండడమే వాళ్ళ వాళ్ళలో నామోషీ, అందులోనూ నిద్రపట్టని ఇంట్లో ఎవరుంటారు?

మా ఆవిడకి తల్లి ఇక్కడే ఉండాలని ప్రాణం. నిజం చెప్పాలంటే నాకూ అంతే. పైకి ఆవిడ చేసే పచ్చిపులుసు కోసమని చెప్పుకునేవాణ్ణి. అసలు కారణం, నేను సర్వేలు ముగించుకుని మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి తాళం తీసుకోనక్కర్లేకపోవడం. లోపల ఒక మనిషి మసలుతున్న చప్పుడు వినిపించేది. ఆ చప్పుడు నాకు అలవాటైపోయింది. ఆవిడ గదిలో ఏసీ పెట్టిస్తామన్నాం. తనకి ఏసీ పడదని, తన కూలర్ తనకుందని చెప్పించారు. ఎందుకు పడదని అడగాలని మాకెవరికీ తోచలేదు. పెద్దవాళ్ళకి ఏవో కొన్ని పడవు, అంతే అనుకున్నాం.

'చెప్పించారు' అన్నాను చూశారా, అక్కడే ఉంది తమాషా. వాళ్ళింటి ఆచారం ప్రకారం అత్త అల్లుడితో ముఖాముఖి మాట్లాడదు. ఎదురుపడితే కొంగు తల మీదికి లాక్కుని పక్కకి తప్పుకోవాలి. ఏదైనా చెప్పాలంటే కూతురితో చెప్పాలి, కూతురు మొగుడికి చెప్పాలి. పండక్కి వెళ్ళి, తిని, పడుకుని వచ్చేసే అల్లుడికి ఇదేం కష్టం కాదు. ఒకే ఇంట్లో, ఒకే ఫ్రిజ్ వాడుకుంటూ ఈ మర్యాద పాటించాలంటే మాత్రం రాయబారులు కావాలి. మా ఆవిడ ఇంట్లో ఉన్నంతసేపూ ఆ పని తను చేసేది. తను బ్యాంకుకి వెళ్ళాక ఇంట్లో సామాన్లకి చెవులు వచ్చేవి. పాలు అయిపోయాయని అత్తగారు ఫ్రిజ్‌కి చెప్పేవారు. సాయంత్రం తెస్తానని నేను పేపరుకి చెప్పేవాణ్ణి. బీపీ గోలీలు వేసుకున్నాడో లేదో అని ఆవిడ తులసి మొక్కని అడిగితే, వేసుకున్నానని నేను టీవీకి జవాబిచ్చేవాణ్ణి. ఇంత మర్యాదగల కుటుంబం మా కాలనీలో ఇంకోటి లేదు.

ఎండలు ముదురుతున్న వేళ చూసి మా ఆవిడని బ్యాంకువాళ్ళు ఆడిట్ పని మీద వరంగల్ పంపించారు. కొన్ని వారాలు అక్కడే. రాయబారి లేని ఇంట్లో మేమిద్దరం మిగులుతున్నాం. మా ఆవిడ నన్ను తల్లి ఎదుట 'మీరు' అంటుంది, తల్లి పక్కకి జరిగితే 'నువ్వు' అంటుంది. ఇంట్లో, అమ్మ వినేలా, కూలర్ సంగతి మీరు చూసుకుంటారు కదా అని వినయంగా అంది. కింద ఆటో ఎక్కుతూ అసలు మాట చెప్పింది.

"నేను వచ్చేసరికి అమ్మ ఈడనే ఉండాలె. గా కూలర్ నువ్వే చేస్తవో, మెకానిక్‌ని పిలుస్తవో నీ ఇష్టం."

నాకు 'నువ్వే చేస్తవో' వరకే వినిపించింది. మెకానిక్కుల బిల్లులు నేను చూసినన్ని ఎవరూ చూసి ఉండరు. వాళ్ళని నమ్మి కూలరు అప్పగించడమా! ఫోన్‌లో వీడియో పెట్టాను. ఒకాయన తెల్లచొక్కా వేసుకుని, చాలా సింపుల్ ఫ్రెండ్స్ అంటూ, మాటల మధ్యలోనే కూలర్ మొత్తం విప్పి, కడిగి, బిగించేశాడు. చొక్కా నలగలేదు. ఆయన కూలరు ప్లాస్టిక్‌ది, షోరూమ్ నుంచి అప్పుడే దిగినట్టుంది. మురికి లేని కూలర్‌కి సర్వీసింగ్ ఎందుకో ఆయన చెప్పలేదు, నేనూ ఆలోచించలేదు.

ముందు గడ్డి కావాలి. కూలరు మూడు పక్కలా తడిసే గడ్డి ఉంటుంది, దాని గుండా గాలి వస్తేనే చలవ. పాత గడ్డి ఏటా మార్చాలి. మోండా మార్కెట్‌కి బయల్దేరుతుంటే అత్తగారు మిక్సీతో, కొలుచుకుని పోతే మంచిదన్నారు. మిక్సీకి చెప్పిన మాట నేనెందుకు వింటాను? అక్కడ కొట్టాయన ఏ సైజు అని అడిగాడు. పెద్దది అన్నాను. ఎంత పెద్దది అన్నాడు. రెండు చేతులూ చాచి చూపించాను. ఆయన నా చేతుల వంక, నా ముఖం వంక చూసి ఒక కట్ట ఇచ్చాడు. ఇంటికొచ్చి చూస్తే రెండు పక్కలకి సరిపోయి మూడో పక్కకి చాలలేదు. మళ్ళీ వెళ్ళాను. కొట్టాయన ఏమీ అడగలేదు, కట్ట ముందే తీసి పెట్టాడు.

ఆదివారం పొద్దున్న బాల్కనీలో యజ్ఞం షురూ అయింది. మొట్టమొదట ప్లగ్ పీకేశాను. బుద్ధిగా చేసిన పని ఆ రోజు మొత్తమ్మీద ఇదొక్కటే. పక్క జాలీలు ఊడదీస్తే పాత గడ్డి బోరునీళ్ళ ఉప్పు పేరుకుని అప్పడంలా విరిగింది. లోపల ఒక బల్లి కాపురముంది. ఆవిడతో కాసేపు చర్చలు జరిగాయి. నీళ్ళలో నిమ్మ ఉప్పు కలిపి జాలీలు నానబెట్టి, బ్రష్షుతో తోమాను. జాలీ తీగలు వేళ్ళని తోమాయి. పై తట్టకి నీళ్ళు కారడానికి వరసగా సన్నటి చిల్లులుంటాయి, అన్నీ తెల్లగా పూడుకుపోయి ఉన్నాయి. అగ్గిపుల్లతో పొడిచాను, విరిగింది. స్క్రూడ్రైవర్ దూరలేదు. ఊళ్ళో ఎవరి దగ్గర ఏ పనిముట్టు ఉంటుందా అని ఆలోచిస్తుంటే గది లోపలినుంచి ఒక చెయ్యి వచ్చి, కిటికీ గట్టు మీద పిన్నీసు ఒకటి పెట్టి వెనక్కి వెళ్ళిపోయింది. పిన్నీసుతో చిల్లులన్నీ తెరుచుకున్నాయి.

తర్వాత పంపు. విప్పితే లోపల ఒక సీసా మూతా, చిక్కుపడ్డ జుట్టూ ఉన్నాయి. తీసి పారేశాను. ఫ్యాను ఇరుసుకి కుట్టుమిషను నూనె వేశాను. అడుగు రేకు తుప్పు పట్టి కారకుండా తారు పూయాలని వీడియో కింద ఎవరో రాశారు. పూశాను. రేకుకి కొంత, లుంగీకి కొంత, గది తలుపు గడియకి కొంత అంటింది. నా గడ్డానికి ఎలా అంటిందో నాకిప్పటికీ తెలియదు. అది ఆరేదాకా ఆగి, గడ్డి పరిచి, జాలీలు బిగించి, ఎర్త్ వైరు కలిపి, నీళ్ళు నింపి, స్విచ్చి వేసి, షాకు కొడుతుందేమోనని, అత్తగారింటి పద్ధతి ప్రకారం చేతి వెనకవైపుతో రేకుని తాకి చూశాను. జిల్లుమనలేదు. పంపు గుడగుడమంది. కొత్త గడ్డి తడిసి, తొలకరి చినుకు పడ్డ వాసన వేసింది. ఫ్యాను తిరిగింది. మెకానిక్కు లేకుండా తిరిగింది.

అప్పుడు అత్తగారు వచ్చారు. కొంగు తల మీదే ఉంది. కూలర్ నుదుట పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, అగరొత్తి వెలిగించి, మంచిగ తిరుగుతున్నదని కూలర్‌తోనే అన్నారు. నేను కడుపు నిండినంత సంతోషపడ్డాను. నా జీవితంలో నేను రాసిన ఏ రిపోర్టుకీ బొట్టు పెట్టినవాళ్ళు లేరు.

ఆ గది గురించి చెప్పాలి. బాల్కనీ వైపు కిటికీలోంచి కూలర్ గాలి లోపలికి వస్తుంది. ఎదురుగోడకి వీధి వైపు ఇంకో కిటికీ ఉంది. అత్తగారి మంచం ఆ వీధి కిటికీ పక్కనే. ఆవిడ దానికి ఆనుకుని కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తారు, బియ్యం ఏరుతారు, వీధిని చూస్తారు. ఆ సాయంత్రం నేను విజయగర్వంతో గది మధ్య నిలబడి చూద్దును కదా, నా చల్లటి గాలి బాల్కనీలోంచి వచ్చి, మంచం మీదుగా నడిచి, వీధి కిటికీలోంచి దర్జాగా బయటికి వెళ్ళిపోతోంది. నా నిమ్మ ఉప్పు, నా తారు, నా వేళ్ళ రక్తం, అన్నీ వీధి పాలవుతున్నాయి. మా నాన్న కేక చెవిలో మోగింది. వెళ్ళి వీధి కిటికీ మూసి గడియ పెట్టాను. గది తలుపు దగ్గరికేశాను. కూలర్ చుట్టూ ఉన్న సందుల్లో అట్టముక్కలు కుక్కాను. కిటికీ తీస్తే చల్లదనమంతా పోతుందని హాల్లో ఉన్న టీవీకి గట్టిగా చెప్పాను. అత్తగారు చిక్కుడుకాయ పట్టుకుని ఒక్క క్షణం నా వంక చూశారు. తర్వాత చిక్కుడుకాయ వంక చూశారు.

మర్నాటి నుంచి ఆ గది ఇడ్లీపాత్రే. పక్కబట్టలు తడితడిగా ఉన్నాయి. దేవుడి గూట్లో అగ్గిపెట్టె మెత్తబడి పుల్ల గీసినా వెలగలేదు. గోడ మీది క్యాలెండర్ వంకర తిరిగింది. మధ్యాహ్నం నేనొచ్చి తొంగిచూస్తే అత్తగారు కూలర్ ఎదురుగా కూర్చుని విసనకర్రతో విసురుకుంటున్నారు. ఇన్నేళ్ళ నా ఉద్యోగంలో ఎన్నో వింతలు చూశాను గానీ, కూలర్ ముందు విసనకర్ర పట్టుకున్న మనిషిని చూడలేదు. చల్లగా ఉందా అని టీవీని అడిగాను. మంచిగనే ఉన్నదని ఫ్రిజ్‌కి జవాబొచ్చింది. సాయంత్రం కూతురు ఫోన్ చేస్తే కూడా, మంచిగున్నదని, అల్లుడు మస్తు తక్లీఫ్ తీసుకున్నడని చెప్పారు. జనం చెప్పేది నమ్మకపోవడం నా వృత్తి అన్నాను కదా. ఆ ఒక్కసారి నమ్మాను, పొగిడారు గనక.

అయినా ఏదో తేడాగా ఉందని తెలుస్తూనే ఉంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేను పంపుని తిట్టాను. పంపు మార్చాను. గడ్డిని తిట్టాను. బోరునీళ్ళని తిట్టి ఫిల్టర్ నీళ్ళు పోశాను. ఫ్రిజ్‌లో ఐసు మొత్తం తెచ్చి తొట్టిలో వేశాను. ఐసు కరిగింది, ఉక్కపోత కరగలేదు. ఈ మధ్యలో ఇంకో చిత్రం. ఎప్పుడొచ్చి చూసినా వీధి కిటికీ ఒక రెక్క బెత్తెడు తెరిచి ఉండేది. నేను మూసేవాణ్ణి. గంట తర్వాత మళ్ళీ తెరిచి ఉండేది. అగ్ని ప్రమాదాల కారణాలు పసిగట్టే ఈ మహానుభావుడు ఆలోచించి ఆలోచించి, అది గాలికి తెరుచుకుంటోందని తేల్చాడు. బజారుకెళ్ళి కొత్త గడియ తెచ్చి, గాలికి అందనంత ఎత్తున బిగించాడు. అత్తగారికీ అందనంత ఎత్తు అది. ఆ మాట అప్పుడు తోచలేదు.

నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. చల్లదనం బయటికి పోకూడదు, అంతే. చల్లగా లేదంటే లోపం కూలర్‌దే. అత్త మీద కోపం దుత్త మీద అంటారు. మా ఇంట్లో దుత్త బీరువా అంత ఉంది కాబట్టి కోపానికి కొదవలేదు. దాన్ని మళ్ళీ విప్పాను, మళ్ళీ తోమాను, మళ్ళీ బిగించాను. ఈసారి ఎవరూ పిన్నీసు పెట్టలేదు.

మా ఆవిడ తిరిగి రావడానికి ముందురోజు మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి హాల్లో, గోడ పక్కన, ట్రంకు పెట్టె కనిపించింది. మూత తెరిచి ఉంది. మడత పెట్టిన చీరలు సగం లోపల, సగం కుర్చీ మీద. నేను చెప్పులు విప్పకముందే ఫోన్ మోగింది. బావమరిది. అమ్మ వస్తానందని, సాయంత్రం కారు తెస్తున్నానని అన్నాడు. అతని గొంతులో గెలుపు కూడా లేదు. ఉంటే బాగుండేది, కోపగించుకునేవాణ్ణి.

"బావా, నువ్వు గింత పరేషాన్ అయినవ్, ఏం అనుకోకు. అమ్మకు ఉక్కపోస్తున్నదేమో, నాకేం చెప్తలేదు. జెర ఎండలు తగ్గినంక చూద్దాం."

ఎండలు తగ్గాక ఏమీ చూడరని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. నాకు చాలా బాధేసింది. ఒక పెద్దావిడకి చల్లటి గాలి అందించలేకపోయాను, అదీ సొంతగా సర్వీసింగ్ చేసి. రేపు మా ఆవిడ వస్తే ఏ ముఖం పెట్టుకుని తలుపు తీయాలి? తల్లి గది ఖాళీగా ఉంటుంది, కూలరు మాత్రం బొట్టు పెట్టుకుని తళతళలాడుతూ ఉంటుంది.

ఆఖరి ప్రయత్నంగా గదిలోకి వెళ్ళాను. అత్తగారు మంచం మీద కూర్చుని మిగిలిన చీరలు మడత పెడుతున్నారు. జాకెట్టు చెమటకి తడిసి ఉంది. కూలర్ వేగం పూర్తిగా పెంచాను. తొట్టి చూశాను, గడ్డి తడిమాను, అన్నీ సక్రమంగా ఉన్నాయి. ఇక మిగిలింది వీధి కిటికీ. రెక్కల మధ్య సందులోంచి సన్నగా వెలుతురు కనిపిస్తోంది. ఇదన్నమాట దొంగదారి అనుకున్నాను. వెడల్పాటి టేపు తెచ్చి, కుర్చీ ఎక్కి, ఆ సందు మీద పైనుంచి కిందికి అంటించడం మొదలుపెట్టాను.

"గా కిటికీ తెరువు, బిడ్డా."

కూతురు వచ్చేసిందేమోనని తలుపు వైపు చూశాను. ఎవరూ లేరు. ఆ గదిలో ఫ్రిజ్ లేదు, టీవీ లేదు. అత్తగారు నన్నే చూస్తున్నారు. కొంగు భుజం మీదే ఉంది, తల మీదికి రాలేదు. నేను కుర్చీ మీద టేపు పట్టుకుని నిలబడి, చల్లదనం పోతుందని ఏదో గొణిగాను.

"పోనియ్యి. పాత గాలి పోతెనే కొత్త గాలి వస్తది, లేకుంటె ఉడుకుతది. అది సుత కాదు గని..." ఆవిడ చేతిలో చీర పక్కన పెట్టారు. "ఏసీ నాకు పడక కాదు. తలుపులన్ని మూస్కోని డబ్బాల కూసున్నట్టు కూసునుడు నాతోని కాదు. మీ మామ పోయినంక ఒక్కదాన్నే అయిన. గీ కిటికీ తెరిస్తె నలుగురి మాట ఇనబడ్తది, మన్సులల్ల ఉన్నట్టుంటది. నువ్వేమో రోజు మూస్తనే ఉంటివి. అల్లునికి ఎట్ల చెప్పాలె?"

ఏసీ వద్దన్న మనిషికి, ఏసీ కన్నా గట్టిగా బిగించిన గది తయారుచేసి పెట్టాను నేను. దానికి బొట్టు కూడా పెట్టించుకున్నాను.

టేపు లాగేశాను. సున్నం పెచ్చు ఊడొచ్చింది. నేను ఎత్తున బిగించిన కొత్త గడియ తీసి, రెండు రెక్కలూ బార్లా తెరిచాను. గదిలో ఉడికిన గాలి నా పక్కనుంచి బయటికి పోవడం చెంపకి తెలిసింది. వెనకనుంచి బాల్కనీ గాలి లోపలికి వచ్చింది, అత్తగారి నుదుటి మీద జుట్టు కదిలింది. వంకర తిరిగిన క్యాలెండర్ గోడ మీద టపటపమంది. కింద కూరగాయల బండి వెళ్తోంది, ఎవరింట్లోనో పోపు వేగుతోంది. ఎదురింటి మేడ మీద బట్టలు ఆరేస్తున్నావిడ మా కిటికీ తెరుచుకోవడం చూసి, చేతిలో తడిబట్ట అలాగే పట్టుకుని పిట్టగోడ దగ్గరికొచ్చింది.

"ఏందత్తమ్మా, గిన్ని దినాలు కనబడలే? యాప్రాల్ పోయినవనుకున్న."

ఆ మాట నాకు సూటిగా తగిలింది. ఆవిణ్ణి పోకుండా ఆపాలని సర్వీసింగ్ మొదలుపెట్టిన నేను, వీధివాళ్ళ లెక్కలో ఆవిణ్ణి ఎప్పుడో పంపించేశాను. అత్తగారు మంచం మీదే కిటికీ వైపు జరిగి, ఊచలు పట్టుకుని, ఎక్కడికీ పోలేదని, ఇక్కడే ఉన్నానని, రెండిళ్ళ అవతలికి వినిపించేంత గట్టిగా చెప్పారు. తర్వాత ఇద్దరూ మిరపకాయల ధర గురించి మొదలుపెట్టారు. నేను కుర్చీ దిగి, టేపు ఉండ చుట్టి జేబులో పెట్టుకున్నాను.

సాయంత్రం, కిటికీ కబుర్లు ఇంకా సాగుతుండగానే, కింద కారు హారన్ మోగింది. అత్తగారు మాట ఆపారు. హాల్లోకి వెళ్ళి ట్రంకులో పెట్టిన చీరలు తీసి ఒక్కొక్కటే చేతి మీద వేసుకోవడం మొదలుపెట్టారు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. తలెత్తకుండానే అన్నారు.

"నువ్వే చెప్పు వానికి, నేను వస్తలేనని."

హాలు బాల్కనీలోకి వెళ్ళి కిందికి వంగి చెప్పాను, అత్తయ్యగారు రావడం లేదని. బావమరిది కారు దిగి, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూశాడు. ఎవరు చెప్పారని అడిగాడు. ఆవిడే అన్నాను. అక్క ఊళ్ళో లేదు కదా, ఎవరితో చెప్పిందన్నాడు. నాతో అన్నాను. అతను పెద్దగా నవ్వి, జోకులెయ్యకు బావా అన్నాడు. పుట్టినప్పటినుంచీ తల్లిని చూస్తున్నవాడు, ఎలా నమ్ముతాడు? నమ్మించడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. అప్పుడే గదిలోంచి, వీధి దాకా వినబడేలా, అత్తగారి గొంతు వచ్చింది.

"అల్లుడా, తొట్టిల నీళ్ళు అయిపోయినయి, జెర సూడు."

కింద అతని నవ్వు ఆగిపోయింది. కారుకి తాళం వేసి, మెట్ల వైపు నడిచాడు. నేను బకెట్ తీసుకుని గదిలోకి వెళ్ళాను.